గడప దాటిన మంచం

మెట్‌పల్లి గాలిలో మళ్లీ పసుపు ఉడుకుతున్న వాసన. పచ్చి కొమ్ముల తడి, మట్టి, పొగ కలగలిసిన ఆ ఘాటు కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగలగానే నాకు పంట కంటే ముందు మా నాయినమ్మ నులకమంచం గుర్తొస్తుంది. మా ఇంట్లో ఏ నెల ఎంత చలో, ఎంత వేడో చెప్పింది ఆ మంచమే.

నాయినమ్మ తెల్లారుతూనే లేచి, ముఖమైనా కడగకుండా, అరుగు బండ మీద అరచెయ్యి ఆనించి కాసేపు కళ్లు మూసుకునేది. పుష్యమాసంలో ఆ బండ చేతిని కొరికేది. పిల్లలమంతా లోపలి అర్రలో కుంపటి చుట్టూ చేరి, ఒక్క గొంగడి కోసం కొట్లాడుకుంటూ, నువ్వుల ఉండలు నములుతూ, ఎవరి పళ్లు గట్టిగా టకటకలాడతాయోనని పందేలు వేసుకునేవాళ్లం. మాఘం ముదిరేకొద్దీ బండ మెత్తబడేది. అప్పుడు మంచం గడప దాటి అరుగు మీదికి వచ్చేది. కాముని పున్నమికి వాకిట్లోకి దిగేది. వైశాఖంలో డాబా ఎక్కేది. సాయంత్రం బిందెలతో నీళ్లు గుమ్మరిస్తే డాబా బుస్సుమని ఆవిరి కక్కేది, ఆ తడి ఆరీ ఆరకముందే బొంతలు పరుచుకొని, మామిడి ముక్కలకు ఉప్పూకారం అద్దుకుంటూ, రోళ్లు పగిలే రోహిణి కార్తె దాకా అక్కడే కాపురం. మృగశిర నాడు ఇంగువ బెల్లం ఉండ నోట్లో పడిందంటే మంచం మళ్లీ లోపలికి వెళ్లేది.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని ఊరంతా అనుకున్నా, మా బాపు మాత్రం తన తల్లి అరచేతినే నమ్మేవాడు. పసుపు ఒకసారి ఉడికాక ఆగేది ఉండదు. కల్లంలో పోసిన కొమ్ములు రోజుల తరబడి గట్టి ఎండ తాగాలి. మధ్యలో వాన పడితే నల్లబడి, బూజు పట్టి, ఏడాది కష్టం మట్టిపాలవుతుంది. అందుకే మంచం గడప దాటిన రోజే ఆయన కడాయి కింద మంట పెట్టేవాడు. పక్కింటి ఖాసిం చాచాది కూడా పసుపే. రోజూ గోడ మీంచి తొంగిచూసి, “మీ నాయినమ్మ మంచం కదిలిందా జర సూడు బిడ్డా, లేకుంటె గీ ఫికర్‌తోనే సస్త” అని నవ్వేవాడు.

“నా మంచానికి దిష్టి పెట్టకురా ఖాసిం” అని నాయినమ్మ లోపలి నుంచే కసిరేది.

నేను ఐదో తరగతిలో ఉన్న ఏడు మాఘం సగంలోనే బండ మెత్తబడింది. నాయినమ్మ ఒకటికి రెండుసార్లు చెయ్యి ఆనించి చూసింది.

“చలి పోయింది కొడుకా. మంచం బయట ఎయ్యి.”

“నిజమేనా అవ్వా? ఇంక శివరాత్రి రాలే” అన్నాడు బాపు.

“నా చెయ్యి ఎన్నడన్న అబద్ధం చెప్పిందా?”

ఎన్నడూ చెప్పలేదు. బాపు మంట పెట్టాడు, అది చూసి చాచా కూడా పెట్టాడు. కల్లాలు రెండూ పచ్చగా నిండిపోయాయి. మేము బడి నుంచి రాగానే కొమ్ములు తిరగేస్తూ, పసుపు కాళ్లతో వాకిలంతా అచ్చులు వేస్తూ పెళ్లికూతుళ్లలా తిరిగాం.

ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి చల్లబడింది. ఉత్తరాన మబ్బు కమ్మి, రేకుల మీద రాళ్లు విసిరినట్టు వడగండ్లు మొదలయ్యాయి. బాపు, మా అమ్మ, చాచా టార్పాలిన్ పరదాలు పట్టుకొని ఒక కల్లం నుంచి ఇంకో కల్లానికి పరుగెత్తారు. గాలి వాటిని చేతుల్లోంచి గుంజుకుపోయింది. అరుగు మీద నిలబడి నాయినమ్మ రెండు చేతులూ పైకి చాపి, “ఆగు తల్లీ, జర ఆగు” అని బతిమాలింది. పసుపు నీళ్లు వాకిలి దాటి బజారుకు పారాయి. వడగండ్లంటే ఎగిరి గంతేసే పిల్లలం, ఆ రోజు ఒక్కటైనా ఏరుకోలేదు.

బాపు తల్లిని ఒక్క మాట అనలేదు. చాచా గోడ దగ్గరికి వచ్చి, “అల్లా చేసిండు పెద్దమ్మా, నువ్వేం జేస్తవ్” అన్నాడు. ఎవరైనా తిట్టి ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేదేమో. మంచం లోపల వేయించుకుంది. కాముని పున్నమి వచ్చింది, వైశాఖం వచ్చింది, మేము డాబా ఎక్కాం. ఆమె మాత్రం గాలాడని అర్రలోనే పడుకుంది.

“పైకి రా నాయినమ్మా, ఉడికిపోతవ్” అని ఏడుస్తూ చెయ్యి పట్టుకొని లాగాను.

“నాకు చలైతుంది బిడ్డా” అంది, చెమటతో తడిసిన కొంగు నుదుటికి అద్దుకుంటూ. ఆ తర్వాత ఆమె బండ మీద చెయ్యి ఆనించగా నేను చూడలేదు.

నాయినమ్మ పోయింది. చాచా వాళ్లు ఇల్లమ్మి వెళ్లిపోయారు. అరుగు బండలు పీకి టైల్స్ వేయించాం. ఇప్పుడు మాఘంలో ఒక వారం ఫ్యాన్ తిరుగుతుంది, మరో వారం స్వెటర్లు వెతుక్కుంటాం. ఏ నెల ఏం చేస్తుందో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. పసుపు మాత్రం మా అన్న ఇంకా వేస్తూనే ఉన్నాడు. ఇందాక పొలం నుంచి ఫోన్ చేశాడు.

“చెల్లె, ఉడకబెట్టి కల్లం నిండ పోసిన. ఫోన్ల సూస్తె వాన లేదంటుంది, మబ్బేమో కమ్ముతుంది. నీకేమనిపిస్తుంది?”

ఫోన్ చెవికి పెట్టుకునే గడప బయట కూర్చొని, టైల్స్ మీద అరచెయ్యి ఆనించాను. వెచ్చగా ఉంది. పుష్యంలోనూ ఇలాగే వెచ్చగా ఉండింది.

“చెప్పు చెల్లె” అంటున్నాడు అన్న. చెయ్యి తియ్యకుండా అలాగే కూర్చుండిపోయాను.