ఊ కొట్టే జాగ

ఊ కొట్టేవాళ్లు లేనిదే రాజేశ్వరమ్మకు కథ నోట్లోంచి రాదు. పోచంపల్లిలో మగ్గం పక్కన కూర్చుని పిల్లలకు చెప్పిన రోజుల నుంచీ అంతే. వినేవాళ్లు ఊ అనడం మానేశారంటే నిద్రపోయారని లెక్క, కథ అక్కడ ఆగాల్సిందే.

కోడలు మాలతి మొగుడితో పడక, పిల్లను తీసుకుని చంపాపేట్ వెళ్లిపోయింది. మనుమరాలు మృదులను ఒక్కసారి చూపించమని అడుగుదామంటే ఫోనే ఎత్తదు. అందుకే కొడుకు శ్రీధర్, దిల్‌సుఖ్‌నగర్‌లోని కిరాయి ఇంట్లోనే అమ్మ కథలు వీడియో తీసి ఇంటర్నెట్‌లో తన ఛానెల్‌లో పెట్టసాగాడు. కింద కామెంట్లలో మృదుల "ఊ నానమ్మా" అని రాసేది. ఆ ముక్క చూసుకుంటే గానీ ఈవిడకు ముద్ద దిగేది కాదు.

ఒకరోజు ఉన్నట్టుండి కామెంట్లు మూతపడ్డాయి. పిల్లల వీడియోలకు అవి ఉండవట. పిల్లల వివరాలు పోగుచేయకూడదని అమెరికాలో చట్టమట, ఆ వీడియోల కంపెనీ ఇక్కడా అదే పాటిస్తుందట. శ్రీధర్ చెబుతుంటే ఆమెకు ఒళ్లు మండింది. ఎక్కడి అమెరికా, ఎక్కడి దిల్‌సుఖ్‌నగర్! తను చెప్పే నక్క కథలు పిల్లలవి కావు, పెద్దలవేనని ఛానెల్‌లో పెట్టెయ్యమంది. కొడుకు కాదంటే అన్నం మానేసి కూర్చుంది. వాడు మాత్రం ఏం చేస్తాడు పాపం, మార్చాడు. ఊ మళ్లీ వచ్చింది.

నాలుగు రోజులు సంబరంగానే గడిచాయి. ఆ తర్వాత, రాజేశ్వరమ్మ పేరూ ఫొటో పెట్టుకుని వేరే ఎవరో మృదులకు రాసిన మాట ఆమెకు కనిపించింది.

"బిడ్డా, నీ బడి ఎక్కడ?"

దాని కింద పిల్ల జవాబు. "మర్చిపోయినవా నానమ్మా? చంపాపేట్ మార్కెట్ ఎనక."

రాజేశ్వరమ్మ తన మొండితనమే పిల్ల మీదికి తెచ్చిందని గుండెలు బాదుకుంది. శ్రీధర్ వాటిని తుడిచేశాడు గానీ, చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం? చదవాల్సినవాడు చదివే ఉంటాడు. పక్కింటి అండాలమ్మ ఫోన్‌తో మాలతికి చేసి జరిగిందంతా చెప్పింది. పిల్లను బడి నుంచి నువ్వే తెచ్చుకో, ఫోన్ చేతికియ్యకు అని బతిమాలింది. మాలతి అంతా విని, ఫోన్ పెట్టేసింది.

"పిల్లల కోసమే అని పెట్టురా, కామెంట్లు బంద్ కానీ," అంది కొడుకుతో. "ఇంటదో ఇనదో. పిల్ల పైలంగ ఉంటే సాలు."

ఇప్పటికీ కథలు చెబుతూనే ఉంది. మాటమాటకూ ఆగి, ఫోన్ వంక చూసి, మళ్లీ అందుకుంటుంది. ఆ ఖాళీలు కోసేస్తానని శ్రీధర్ అంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"అది ముట్టకురా. నా బిడ్డ ఊ కొట్టే జాగ."