ఫ్లాపీకి పెట్టిన చందనం

తొంభైల మొదట్లో, మా తమిళనాట ఆడి అనే ఆషాఢమాసపు గాలి ఇంకా తగ్గని రోజుల్లో, కోవిల్‌పట్టిలోని ఒక ప్రైవేటు పాఠశాలలో కంప్యూటర్ బోధకురాలిగా చేరాను. ఏడాది ప్రొబేషన్. కాపురం విరుదునగర్‌లో అత్తగారితో, రాకపోకలు బస్సులో. పాఠశాల యజమానిని మా వైపు కరస్పాండెంట్ అంటారు. ఆయన మద్రాసు నుంచి ఒక ఆట కొని తెచ్చి నాకు అప్పగించారు. తెరమీద అక్షరం కనిపిస్తుంది, అదే మీట నొక్కితే కప్ప గెంతుతుంది. విజయదశమినాడు పిల్లలను చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులకు దాన్ని చూపించాలని ఆయన పట్టుదల. ఆ రోజు కప్ప గెంతకపోతే నా ఉద్యోగం ఉండదని ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా.

ఆట మొత్తం ఒకే ఫ్లాపీ మీద ఉండేది. ఆనాటి ఫ్లాపీ అంటే నల్లటి పలుచని తొడుగు, లోపల గోధుమరంగు బిళ్ళ, యంత్రం దాన్ని చదవడానికి తొడుగులో ఒక పొడవాటి కిటికీ. నాకు పుట్టుకతోనే కుదురు తక్కువ. ఒక్కటే ఉన్న వస్తువు నా మీద పెడితే అన్నం సహించదు. కొన్నవారు భద్రత కోసం ఒక ప్రతి తీసుకోవచ్చని లైసెన్సు కాగితంలో ఉంది కాబట్టి, కరస్పాండెంట్ చేత అనుమతి రాయించుకుని పనిలోకి దిగాను. మామూలు కాపీ ఆదేశంతో వచ్చిన ప్రతి, మొదటి బొమ్మ మాత్రం చూపించి, అసలు డిస్కు పెట్టమని ఆగిపోయింది. తయారీదారు బిళ్ళమీది ఒక వలయంలో కావాలనే ఒక లోపం ఉంచుతాడు. ఆట మొదలయ్యే ముందు ఆ లోపం ఉందో లేదో చూసుకుంటుంది. మామూలు కాపీలో ఆ లోపం రాదు, అదే తాళం.

విరుదునగర్‌లోని ఒక సర్వీసు ఇంజనీరు దగ్గర వలయాలను లోపాలతో సహా దించే ప్రోగ్రాం ఉందని తెలిసి, బతిమాలి తెచ్చుకున్నాను. వారం రోజులు డ్రైవు గరగరమంటూనే ఉంది, నేను దాని చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. చివరికి ప్రతిలోనూ కప్ప గెంతింది. అసలునూ ప్రతినీ ఒకే పెట్టెలో పక్కపక్కన పెట్టి తాళం వేశాను. ఏదో ఘనకార్యం చేశాననుకున్నాను.

ఆయుధపూజనాడు ఆ పెట్టెను నేనే తెరిచి కీబోర్డుల పక్కన పూజలో ఉంచి, హెడ్‌మిస్ట్రెస్ పిలిస్తే వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ల్యాబు అటెండరు ముత్తమ్మ అన్నిటికీ చందనం, కుంకుమ పెట్టేసింది. ఫ్లాపీలను కాగితపు కవర్ల నుంచి తీసి, సరిగ్గా కిటికీలో కనిపించే బిళ్ళమీదే పెట్టింది.

“ముసుగేసి సామి ముందర పెడితే దోసం గదా టీచర్” అంది ముత్తమ్మ. మా ఇంట్లోలాగే ఆమె ఇంట్లోనూ తెలుగే.

నేను ఆగలేదు. అసలును తీసుకుని చీరచెంగుతో గట్టిగా రుద్దాను. డ్రైవులో పెడితే ఒక్కసారి మూలిగి, చదవలేనంది. ప్రతిని పెట్టడానికి ధైర్యం చాలలేదు.

“అయ్యకు తెలిస్తే నన్ను పనిలోంచి నిలిపేస్తారు టీచర్” అంది ముత్తమ్మ.

తప్పు ఆమెమీద వేస్తే నా ప్రొబేషన్ గట్టెక్కుతుందని ఆ క్షణంలో నాకు తోచింది. తోచినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. పూజలో పెట్టిన పనిముట్లను మరునాటి పూజ అయ్యేదాకా కదపకూడదు. అయినా రెండింటినీ సంచిలో వేసుకుని బస్సెక్కాను. దారిలో సాత్తూరు దాటేలోపు సంచి ఎన్నిసార్లు తెరిచి చూశానో లెక్కలేదు.

మా అత్తగారు నేతవారి ఇంట పుట్టిన మనిషి. ఇంట్లో మగ్గానికీ ఆ రోజు పూజే. నేను మళ్ళీ చెంగు తీయడం చూసి ఆవిడ చెయ్యి చాపారు.

“ఏంటికి దాన్ని అట్ల పిసుకుతుండావు? ఈడియ్యి. పట్టుమీద చందనం పడితే ఎవురన్నా రుద్దుతారా? నానెయ్యల్ల, అదే పోతాది.”

ఈ రోజు పనిముట్టు తాకకూడదు కదా అని గొణిగాను.

“మగ్గం తొక్కేదే వద్దు. మురికి కడిగితే సామి ఏంటికి కోపగించుకుంటాడు? ఎగరకుండా కుచ్చో.”

తొడుగుల అంచులు బ్లేడుతో కోసి బిళ్ళలు బయటికి తీశాను. ఆవిడ కుంకుడుకాయ నీళ్ళు చల్లార్చి, వడగట్టి, పళ్ళెంలో పోసి బిళ్ళలను నానేశారు. వేలు పెట్టలేదు, పళ్ళేన్ని మెల్లగా వంచుతూ కూర్చున్నారు. నేను లేచి కూర్చున్నప్పుడల్లా ఒక చూపు చూసేవారు. చందనం తనంతట తానే కరిగి అడుగుకు దిగింది. మంచినీళ్ళలో జాడించి, నీడన ఆరబెట్టి, నా దగ్గరున్న కొత్త ఫ్లాపీల తొడుగుల్లోకి ఎక్కించాను.

మరునాడు విజయదశమి, మొదటి బస్సుకే వెళ్ళాను. ల్యాబులో పూజ ముగియగానే అసలును డ్రైవులో పెట్టాను. చదవలేదు. వెలుతురుకు ఎత్తి చూస్తే కిటికీకి అడ్డంగా సన్నని గీతలున్నాయి. ప్రతిని పెట్టాను. డ్రైవు తటపటాయించి, మళ్ళీ తిరిగి, కప్పను చూపించింది. ముందు దాన్నుంచి ఇంకొక ప్రతి దించి, ఆ తరువాతే తల్లిదండ్రుల కోసం తలుపు తీయమన్నాను. అప్పుడే బడిలో చేరిన పాప ఒకతె మీట నొక్కింది, కప్ప గెంతింది.

సాయంత్రం కరస్పాండెంట్‌కు జరిగింది జరిగినట్టు చెప్పాను. పెట్టెను పూజలో పెట్టింది నేనేనని, అసలును రుద్దింది నేనేనని, ముత్తమ్మకు చెప్పవలసింది చెప్పకుండా వెళ్ళింది కూడా నేనేనని.  ఆయన, ఇప్పుడు పనిచేసేవి ఎన్ని, ఎక్కడ ఉన్నాయి అని మాత్రం అడిగారు. ఒకటి ఇక్కడ, ఇంకొకటి ఈ రాత్రి నుంచి విరుదునగర్‌లో మా అత్తగారి పెట్టెలో ఉంటుంది అన్నాను. పని చూసుకోమన్నారు.

నేను రిటైరయ్యేదాకా ప్రతి ఆయుధపూజకూ ఖాళీ తొడుగులే పూజలో పెట్టాను. ప్రతి తీయడం ఒక పని, దాన్ని అసలుకు దూరంగా ఉంచడం ఇంకో పని అని ఆ ఏడు తెలిసింది. పాడైన ఆ అసలు బిళ్ళ ఇప్పటికీ నా దగ్గర ఉంది. ముత్తమ్మ పెట్టిన చందనం కడిగితే పోయింది. నా చేతి గీతలు పోలేదు.