బొట్టు పెట్టిన డిస్కు

ఎనభైల చివర్లో గుంటూరులో మేం నడిపిన కంప్యూటర్ సెంటరు గోడకు ఒక పెద్ద అట్ట వేలాడేది. ఒక ఫ్లాపీ డిస్కులో ఉన్నదంతా ఉన్నదున్నట్టు మరో డిస్కులోకి దించడం ఎలాగో దాని మీద తెలుగులో రాసి ఉండేది. మెషిన్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం చదివి బాగుపడినవాళ్ళెవర్నీ నేను చూడలేదు. అందుకే ఎవరికి ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడ వాళ్ళే ఒక మాట రాసి వెళ్ళాలని రూలు పెట్టాను. "అసలు డిస్కు మెషిన్ పై అరలో, ఖాళీది కింది అరలో" అని ఒకరు రాశారు. "ముందు అసలు డిస్కు అంచునున్న గాటుకు స్టిక్కరు అంటించండి. అరలు తారుమారైనా చెరిగిపోదు" అని ఇంకొకరు. "మిర్చి యార్డు నుంచి వచ్చేవాళ్ళు చేతులు కడుక్కోవాలి" అన్నది మాత్రం తుమ్మలేక చచ్చి నేను రాసింది.

దసరా మర్నాడు ఒక కాలేజీ లెక్చరరుగారు వచ్చారు. పత్తిచేలల్లో పురుగు మీద ఆవిడ ఏళ్ళ తరబడి చేసిన పరిశోధన అంతా ఒక్క డిస్కులోనే ఉంది. వారంలో థీసిస్ ఇవ్వాలి.

"ఒక నకలు తీసిపెట్టండి. రేపు రేపు అనుకుంటూ ఇన్నాళ్ళూ తాత్సారం చేశాను" అన్నారు.

కవరులోంచి తీసి చూద్దును కదా, లోపలి గోధుమరంగు రేకు బయటికి కనిపించే సన్నటి సందు మీద పసుపు, దాని మధ్య గుండ్రంగా కుంకుమ!

"అయ్యో రాత! ఏంటండీ ఇది?" అని గట్టిగా అరిచేశాను.

"ఆయుధపూజ కదండీ. పుస్తకాలతో పాటు దీన్నీ పీట మీద పెట్టాను. మా ఇంట్లో ఇంతకన్నా విలువైంది ఏముంది? ఆ సందే దీని ముఖం అనుకున్నాను."

మా దగ్గర పనిచేసే కనిగిరి ఆయన చర్చికి వెళ్ళే మనిషి. "మేమైతే ప్రార్థన చేసి ఊరుకుంటామండీ, బొట్టు దాకా పోం" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నవ్వు మింగేశాను.

"ఇలాగే ఏ మెషిన్‌లోనైనా పెట్టారా?"

"లేదండీ. నేరుగా ఇక్కడికే తెచ్చాను."

"బతికించారు! పెట్టి ఉంటే రేకు గీసుకుపోయేది."

డిస్కు తొడుగును బ్లేడుతో ఒక పక్క కోసి, గుండ్రటి రేకును అంచు పట్టుకుని బయటికి తీశాను. బ్యాటరీలో పోసే శుద్ధమైన నీళ్ళతో మెల్లగా కడిగాను. మిరప దుమ్ము లేస్తుందని కనిగిరి ఆయన ఫ్యాను ఆపేశాడు. చెమటలు కక్కుతూ, రేకు ఆరేదాకా ముగ్గురం దాని చుట్టూ కూర్చున్నాం. ఆరాక, రేకు తీసేసిన వేరే డిస్కు తొడుగులోకి దాన్ని ఎక్కించి, పై అరలో పెట్టి, నకలు మొదలుపెట్టాను. సగం దాటాక మెషిన్ కరకరమంటూ ఒకచోట ఆగింది. ఆవిడ నా భుజం గట్టిగా పట్టుకున్నారు. అది మళ్ళీ మళ్ళీ ప్రయత్నించి, చివరికి కదిలింది.

నకలు దిగిన డిస్కును స్క్రీను మీద తెరిచి చూపించాను. ఆవిడ చివరి పేజీ దాకా చదువుకుని, "ఉందండీ, అంతా ఉంది!" అంటూ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. నా ప్రాణం కుదుటపడింది.

వెళ్ళేముందు పెన్ను అడిగి అట్ట మీద రాశారు: "ముందు నకలు, తర్వాత పూజ. బొట్టు కవరుకే." దాని కింద కనిగిరి ఆయన రేకు కడిగే పద్ధతి వివరంగా చేర్చాడు. ఆ అట్ట మీదున్నదంతా చీరాల నుంచి, ఒంగోలు నుంచి వచ్చినవాళ్ళు కూడా రాసుకుని పోయేవాళ్ళు. అది చూస్తే నాకెంత గర్వమో!

కొన్ని నెలలకు ఆవిడ మళ్ళీ వచ్చారు. నల్లటి అట్ట, బంగారు అక్షరాలతో బైండు చేసిన థీసిస్ నా బల్ల మీద పెట్టి, సంచీలోంచి కుంకుమభరిణె తీసి నా చేతికిచ్చారు.

"దీనికి మాత్రం మీరే పెట్టాలండీ."

సరిగ్గా నడిమధ్యన పెట్టాను.