సుందరలక్ష్మి గారి గొంతు కోసం ఒక గది

సౌండ్ ఇంజినీరుగా నా చివరి పోస్టింగు ఏలూరు. కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూన్ మొదట్లో ఉత్తర్వులు చేతికొచ్చాయి. చూపులేని విద్యార్థుల కోసం పాఠాలు చదివించి రికార్డు చేసే మా సంస్థ అక్కడ చిన్న స్టూడియో తెరవదలచింది. నా హోదా స్టేషన్ ఇంజినీరు. కింద పనిచేసేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఇలాంటి పనికి మామూలుగా కొన్ని నెలల గడువిస్తారు. నాకు అంత వ్యవధి లేదు. పాఠాలు చదవాల్సిన సుందరలక్ష్మి గారు తాడేపల్లిగూడెంలో తెలుగు లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. ఏళ్ల తరబడి మాకు చదివిపెట్టింది ఆవిడే. పిల్లలు ఆవిడ గొంతు వింటూనే పరీక్షలకు తయారయ్యేవారు. ఆవిడకు స్వరపేటికలో క్యాన్సరని తేలింది. నెలాఖరుకు విజయవాడలో ఆపరేషన్, స్వరపేటిక తీసేస్తారు. పదో తరగతి తెలుగు వాచకం అప్పుడే మారింది. అది పూర్తిచేసే వెళ్తానని ఆవిడ పట్టుబట్టారు.

మాకిచ్చిన గదిలో చప్పట్లు కొడితే ఆ చప్పుడు గోడల మధ్య టపటపలాడింది. పొడవు, వెడల్పు, ఎత్తు దాదాపు సమానం. మా వృత్తిలో ఇంతకంటే చెడ్డ గది ఉండదు. కొన్ని మంద్రస్వరాలు ఉబ్బిపోయి, బానలో తల పెట్టి మాట్లాడినట్టు వినిపిస్తుంది. గోడలకు బిగించి మోతను అణిచే రెడీమేడ్ ప్యానెళ్లు హైదరాబాదు నుంచి నెల దాటితేగాని రావన్నారు.

ఇక మేమే తయారు చేసుకోవాలి. వడ్రంగి వెంకటరత్నం గది చూసి, “కోడిగుడ్ల అట్టలు అంటించేద్దామండీ. మా బావమరిది పాటల రూముకి అలాగే చేశాడండి, సరిపోద్దండి” అన్నాడు. చాలామంది అనుకునేదే అది. కాని ఆ అట్టలు పైస్వరాలను కాస్త చెదరగొడతాయే తప్ప శబ్దాన్ని మింగవు. మింగాలంటే గాలి దూరగల మందమైన సరుకు కావాలి.

కొల్లేరు వైపు చేపల కోల్డ్ స్టోరేజీల గోడల్లో నింపే గ్లాస్ ఊల్, అంటే గాజుపీచు, సులువుగానే దొరికేది. ధ్వని వరకు అది మేలైన సరుకే. కాని నమూనా ముక్క పట్టుకోగానే వేళ్లు దురదపెట్టాయి. ఆ నూగు ఆవిడ గొంతులోకి పోతే? వెంటనే వద్దన్నాను. తివాచీలు నేసేవారి దగ్గర మిగిలిన ఉన్ని తుక్కు తెప్పించాం. ఉతికి ఆరబోస్తే ముసురు పట్టింది. తడి ఉన్ని ముక్కిపోయి వాసనొస్తుంది. రోజూ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూడటం, కేలెండరు వంక చూడటం, ఇదే నా పని. చివరికి ఫ్యాన్ల కింద ఆరింది. లోతైన చెక్క ఫ్రేముల్లో నింపి, పల్చటి నూలుగుడ్డ బిగించి, గోడకు కాస్త ఎడంగా తగిలించాం. వెనక ఖాళీ ఉంటే అదే ఫ్రేము మరింత కింది స్వరాలను పట్టుకుంటుంది.

ఆవిడ పాత రికార్డింగులు స్పీకరులో వినిపించి చూసుకున్నాను. గది శుభ్రంగా పలికింది.

చెల్లెలు రాజ్యలక్ష్మి గారిని వెంటబెట్టుకుని సుందరలక్ష్మి గారు వచ్చారు. మొదటి వాక్యం చదవగానే హెడ్‌ఫోన్లలో బాన మోత. జబ్బు వల్ల ఆవిడ గొంతు బాగా కిందికి దిగిపోయింది. నేను సరిచేసిన గది పాత గొంతుకు.

“ఇంకోసారి చదవనా అండీ?” అన్నారావిడ.

వద్దని చెయ్యి అడ్డం పెట్టాను. వీలైనంత తక్కువ మాట్లాడమని డాక్టర్లు చెప్పారు. గదిని పరీక్షించడానికి ఆవిడ చదివే ప్రతిసారీ పుస్తకంలో ఒక పేరా ఖర్చవుతున్నట్టే.

“ఏవండీ, నన్ను పలకమంటారా? ఫోన్లో మాట్లాడేది అక్కో నేనో మా బావగారే పోల్చుకోలేరండీ. అక్కలాగా కాస్త తగ్గించి పలుకుతాను” అన్నారు రాజ్యలక్ష్మి గారు.

ఆవిడ మంద్రంగా చదువుతూ గదంతా తిరిగారు. నేను మైకు పట్టుకుని వెంట నడిచాను. మంద్రస్వరం మూలల్లో పోగవుతుంది కనుక, వెంకటరత్నం దూది పరుపులు చుట్టి నేల నుంచి కప్పు దాకా మూలల్లో నిలబెట్టాడు. కుర్చీ కిటికీ గోడ దగ్గర నుంచి జరిపి జరిపి, ఒకచోట మోత అణిగింది. నేల మీద సుద్దతో గుర్తు పెట్టాను.

మర్నాటి నుంచి చదువు సాగింది. ఒక పేరా, గోరువెచ్చటి నీళ్లు, విశ్రాంతి. సుందరలక్ష్మి గారు దగ్గినప్పుడల్లా, ఉన్ని నూగు రాలుతోందేమోనని నా కళ్లు ఫ్రేముల మీది గుడ్డ వైపే పోయేవి. ఇంకొక్క పాఠం మిగిలుండగా ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. ఆపరేషన్ ముందుకు జరిగింది, మర్నాడే చేరాలి. అప్పటికే ఆవిడ గొంతులో గాలి తప్ప మాట లేదు.

సంగతి చెబితే, “రెండు గొంతులూ ఒకేలా ఉన్నాయంటున్నారుగా, చెల్లెలి చేత చదివించి ఒకే పేరు మీద పంపెయ్యండి” అన్నారు మా డైరెక్టరు. ఆ మాట సుందరలక్ష్మి గారికి చెప్పాను.

“రాజ్యం చదువుతుందండీ. దాని పేరే వెయ్యండి. చూపులేని పిల్లలండీ, పోల్చేస్తారు” అని గుసగుసగా అన్నారు.

ఆ సాయంత్రమే రాజ్యలక్ష్మి గారు లోపల చదువుతుంటే, సుందరలక్ష్మి గారు రికార్డింగు గది అద్దానికి ఇవతల నా పక్కన పుస్తకం పట్టుకుని కూర్చున్నారు. ళకారం ఎక్కడ జారినా వేలెత్తేవారు. నేను ఆపేవాణ్ణి. చెల్లెలు ఆ వాక్యం మళ్లీ చదివేవారు. చివరి వాక్యం అయ్యాక ఆవిడ వేలు లేవలేదు. పుస్తకం మూసి నా చేతికిచ్చారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. ఆవిడ ఇప్పుడు ఫోనులో టైపు చేసి మాట్లాడతారు. ఆ పాఠాలు రెండు పేర్లతోనే వెళ్లాయి.

సొంతంగా స్టూడియో కట్టుకునేవారు నన్ను మొదట ఏ సరుకు వాడాలని అడుగుతారు. అక్కడ మాట్లాడబోయే మనిషిని కూర్చోబెట్టి, ఇవాళ ఆ గొంతు ఎలా ఉందో వినమంటాను. సరుకు ఊళ్లోనే దొరుకుతుంది.