అత్త పెరట్లో పన్నెండు కుండలు

మా చిన్నప్పుడు... నాకు ఎనిమిదేళ్లు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం నాన్న నన్ను అనకాపల్లి నుంచి తీసుకొచ్చి, మునగపాక దగ్గర ఒక ఊళ్లో, మా మేనత్త గుమ్మంలో దింపి వెళ్లిపోయాడు. నా ఒక చేతిలో బట్టల సంచి... ఇంకో చేతిలో నూనె డబ్బాలో పెంచిన మరువం మొక్క.

ఆ మొక్క అమ్మది. అమ్మ పోయి అప్పటికి రెండు నెలలు. నాన్న బెల్లం లారీ నడిపేవాడు. ఒకసారి బయల్దేరితే ఎప్పుడొస్తాడో తెలిసేది కాదు. నన్ను చూసుకునే మనిషి లేక అత్త దగ్గర పెట్టాడు.

అత్తకి పిల్లల్లేరు. మావయ్య ఎప్పుడో పోయాడు. అన్నం పెట్టేది, జడ వేసేది, చాప పరిచేది... అన్నీ మాట లేకుండానే. ఆ ఇంట్లో అమ్మ పేరు ఎవరూ ఎత్తేవారు కాదు. ఎత్తితే నేను ఏడుస్తానని కాబోలు. ఎత్తకపోయినా ఏడ్చేదాన్ని... నీళ్ల గాబు వెనక కూర్చుని.

పెరట్లో బీర, ఆనప, వంగ ఉండేవి. ఎండలు ముదిరితే నుయ్యి అడుగంటేది. పొద్దున్న నాలుగైదు బిందెలు తోడేసరికి చేద బురదతో పైకొచ్చేది. తాగడానికీ, వంటకీ, స్నానానికీ, మొక్కలకీ అవే నీళ్లు.

అందుకే అత్త మొక్కలకి పైనుంచి పోసేది కాదు. చిన్న చిన్న మట్టికుండల్ని పాదుల మధ్య మెడ దాకా పాతిపెట్టింది. మొత్తం పన్నెండు. వాటిని నింపి మూకుడు మూసేది. నీళ్లు కుండ గోడల్లోంచి మెల్లగా ఊరి వేర్లకి అందేవి. పైన ఎండిన చెరుకాకు పరిచేది, తడి ఆరిపోకుండా. మూడు రోజులకోసారి నింపితే సరిపోయేది.

ఇవన్నీ అర్థమయ్యే వయసు కాదు నాది. నా మరువం ఆకులు పసుపెక్కడం మొదలైంది. దాహమేమో అనుకున్నాను. అత్త కునుకు తీసే వేళ చూసి చెంబుతో పోసేదాన్ని. ఎంత పోస్తే అంత పసుపెక్కేది... నేను ఇంకా పోసేదాన్ని. ఒకరోజు భయమేసి, వంటింట్లో తాగడానికి ఉంచిన బిందె ఈడ్చుకొచ్చి మొత్తం ఒంపేశాను.

అత్త లేచి ఖాళీ బిందె చూసింది. డబ్బాలోంచి పొర్లి వాకిట్లో ఇంకిపోతున్న నీళ్లు చూసింది. కొడుతుందనుకున్నాను. ఆవిడ బిందె చంకనెత్తుకుని పక్కింటికి వెళ్లింది. ఎవరినీ ఏదీ అడగని మనిషి... నా వల్ల నీళ్లు అడిగి తెచ్చుకుంది.

తిరిగొచ్చి డబ్బా బోర్లించి వేర్లు చూపించింది. నల్లగా, మెత్తగా అయిపోయాయి.

"ఇది దాహం కాదే. నీల్లెక్కువైపోయి ఏరు కుల్లిపోనాది" అంది.

అప్పుడు మొదటిసారి ఆవిడ ముందే ఏడ్చాను. అమ్మ మొక్కని నేనే చంపేశానని. అత్త ఓదార్చలేదు. మొక్కంతా తడిమి చూసి, ఇంకా పచ్చగా ఉన్న ఒక్క కొమ్మని తుంచి, చివరి కుండ పక్కన గుచ్చింది. కుండ నింపితే చాలనీ, మొక్క తనకెంత కావాలో అదే తీసుకుంటుందనీ చెప్పింది.

కొమ్మ చుట్టూ మట్టి అదుముతూ, నా వైపు చూడకుండా అడిగింది.

"మీ యమ్మ ఈ మరువాన్ని ఏటి సేసీది?"

అమ్మ పోయాక అమ్మ గురించి నన్ను ఒకరు అడగడం అదే మొదలు. కనకాంబరాల మధ్య పెట్టి మాల కట్టేదని చెప్పాను. దారం పళ్లతో తెంపేదని కూడా చెప్పాను...

ఆ తర్వాత కుండలు నింపే రోజున నేను ముంతతో పోస్తుంటే, అత్త మూకుడు తీసి పట్టుకుని, ఒక్కో కుండ దగ్గర ఒక్కో మాట అడిగేది. అమ్మ ఏ కూర బాగా వండేది... దేనికి కోప్పడేది... నన్ను ఏమని పిలిచేది... మిగతా రెండు రోజులూ మళ్లీ మౌనమే. నేను మూడో రోజు కోసం ఎదురుచూసేదాన్ని.

వానలు పడేసరికి ఆ కొమ్మ చిగురేసింది. మరుసటి ఏడు నాన్నకి అనకాపల్లిలోనే గోడౌన్‌లో పని దొరికి, నన్ను తీసుకుపోయాడు. ఆటో ఎక్కే సంబరంలో అత్త వైపు సరిగ్గా చూడనే లేదు. తర్వాత ఎప్పుడో పెళ్లికో పేరంటానికో కలవడమే. నేను కాలేజీలో ఉండగా అత్త పోయింది.

ఈ మధ్యే తట్టింది నాకు. అమ్మ గురించి అత్త అన్నేసి మాటలు అడిగింది కదా... మావయ్య ఎలా ఉండేవాడని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ ఇంట్లో ఇద్దరం మనుషుల్ని పోగొట్టుకున్నవాళ్లమే. చిన్నదాన్ని, నాకది తోచలేదు. పెద్దదాన్నయ్యాక అడిగి ఉండొచ్చు... అడగలేదు.

ఇప్పుడు అనకాపల్లిలో మూడో అంతస్తులో ఒక్కదాన్నే ఉంటున్నాను. బాల్కనీలో పది మొక్కలు, సన్నటి డ్రిప్ పైపులు, ఒక టైమర్. చుక్క నీరు వృథా పోదు. నేను నాలుగు రోజులు ఊళ్లో లేకపోయినా మొక్కలు పచ్చగానే ఉంటాయి. మంచి ఏర్పాటే... కాకపోతే పక్కన ఇంకో మనిషి నిలబడాల్సిన పని లేకుండా పోయింది.

మీ ఇంట్లో మొక్కలకి నీళ్లు ఎవరు పోసేవారు? పోస్తూ మీతో ఏం మాట్లాడేవారు? కింద రాయండి... ఎంత పొడుగ్గా రాసినా పర్లేదు. చదవడానికి నాకు బోలెడన్ని సాయంత్రాలున్నాయి.