పుల్లయ్య చెవి, కోటిరత్నమ్మ కారు

“…అందుకే చెప్తా ఉండా అల్లుడా, ఏడుపుకు ఒక కారణం ఉండాల. పసిబిడ్డ ఏడిస్తే ఆకలి. ఆవు అరిస్తే దూడ కోసరం. ఇదెందుకు ఏడుస్తాది? ఆగాగు… ఇప్పుడు మొదలుపెడతాది, చూడు.”

పుల్లయ్య సుత్తిని గాలిలోనే ఆపి, ఎడమచేతి చూపుడువేలు పైకెత్తాడు. ఊళ్ళు తిరిగి పెద్దవాళ్ళ ముచ్చట్లు రాసుకునే నేను, పుస్తకంలో రాయడం ఆపి చెవులు రిక్కించాను. నాకేమీ వినపడలేదు. భోజనాల వేళ కావడంతో షెడ్డులో కోత మిషను ఆగి ఉంది. ఒకటి, రెండు అనుకునేలోగా ప్రహరీ అవతల కారు గొంతెత్తింది. ముందు ఈల వేసింది. తర్వాత అంబులెన్సు అయింది. ఆ తర్వాత ఎవరో బాతులమందను తరుముతున్నట్టు అరిచింది. మళ్ళీ ఈల.

“థూ!” అని పుల్లయ్య పక్కనున్న రాతిపొడిలో ఉమ్మాడు. “చచ్చిన ఎలకను ముక్కు కాడ పెట్టినట్టు, దీన్ని తెచ్చి నా చెవి కాడ పెట్టినారు. రోత!”

మార్కాపురం ఊరి చివర గురుస్వామి పలకల షెడ్డులో పుల్లయ్యది కూర్చుని చేసే పని. రాయి కొయ్యడు, మొయ్యడు. పొరలుగా చీల్చి తెచ్చిన పలకలను ఒక్కొక్కటిగా ఒళ్ళో నిలబెట్టుకుని, బొటనవేలంత సుత్తితో మూడుచోట్ల తడతాడు. పలక బాగుంటే ఖంగుమంటుంది. కంటికి కనపడని పగులు లోపల ఉంటే జలుబు చేసిన మనిషిలా పలుకుతుంది. ఖంగుమన్నవి కుడివైపుకు, జలుబువి ఎడమవైపుకు. పిల్లలు బళ్ళో పలకల మీద రాసుకునే రోజుల్లో వాళ్ళ నాయన పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఇప్పుడు ఇళ్ళ గోడలకు అతికించే పలకల దాకా వచ్చాడు. నలభై నాలుగేళ్ళుగా ఇదే పని. కళ్ళకు శుక్లాలు వచ్చినప్పుడు కూడా పనికి ఒక్క పూట ఆటంకం రాలేదు. చూపుతో ఏం పని, చెవులున్నాయి గదా అన్నాడట డాక్టరుతో.

ఇప్పుడు ఆ చెవుల మీదికే వచ్చింది.

ప్రహరీ అవతలి ఇల్లు కోటిరత్నమ్మది. కొడుకు మల్లికార్జునరావుకు బజారులో రంగుల దుకాణం ఉంది. ఆయన దుకాణానికి స్కూటరు మీద పోతాడు. కారు మాత్రం ఇంటి పక్కన రేకుల కింద ఉంటుంది. గిద్దలూరులో పెళ్ళయితే బయటికి వస్తుంది, లేకపోతే లేదు. గిద్దలూరులోనే వాళ్ళ బంధువుల కారు ఎవరో ఎత్తుకుపోయారని, ఉగాది తర్వాత దీనికి అలారం పెట్టించారు. అప్పటినుంచి పొద్దున రెండుసార్లు, ఎండెక్కాక నాలుగైదుసార్లు, రోడ్డు మీద రాళ్ళ లారీ పోతే ఒకసారి.

“మొదట్లో పది మంది ఉరికి వచ్చినారు, దొంగోడు పడినాడని. ఇప్పుడు చూడు, ఒక్కడన్నా తల తిప్పినాడా? నిజంగా దొంగోడొచ్చి తోలుకోని పోయినా, ‘పోనీలే, పీడా పోయింది’ అనుకుంటారు. ఇంక అది మోగి ఎవురికి లాభం?”

అలారం మోగుతున్నంతసేపూ చేయి ఆపితే గుట్ట పెరుగుతుంది. ఆపకుండా తడితే పలక ఏమన్నదో తెలియదు. మొదట్లో అనుమానం వచ్చినవన్నీ ఎడమవైపుకే వేశాడు. మంచి రాయిని పారేస్తున్నావని గురుస్వామి కోప్పడ్డాడు. సరేనని కుడివైపుకు వేయడం మొదలుపెట్టాడు. పోయిన వారం వెళ్ళిన లోడులో ఆరు పలకలు దించుతుండగానే విరిగిపోయాయని ఫోను వచ్చింది.

“గురుస్వామి ఏమన్న్యాడో తెలుసునా? ‘పెద్దాయనా, చెవులొకసారి చూపించుకో’ అన్న్యాడు. నన్ను! ఆ మాట మెల్లంగా అన్న్యాడు, నాకు వినపడదనుకోని. సోమవారం నుంచి గేటు కాడ కుర్చీ ఏస్తారంట. వచ్చే లారీ, పోయే లారీ చూసుకుంటా కూసోవాలంట. ఆ గేటు యాడుండాది? ఈ దరిద్రపు కారుకు ఎదురుగా!” పుల్లయ్య నవ్వబోయి మానుకున్నాడు. సుత్తి పిడిని పంచె అంచుతో తుడిచాడు. తుడవాల్సినంత మురికి దాని మీద ఏమీ లేదు.

“మామా, ఇందాక మోగకముందే నీకెట్లా తెలిసింది?” అన్నాను.

ఆయన నా ముఖం వైపు చూశాడు. ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టుంది.

“దాని కంటే ముందు ఇంకోటి పలుకుతాది. టక్‌మని. రేకు లేసిన చప్పుడు. ఎండకు సాగితే పలుకుతాది, లారీకి అదిరితే పలుకుతాది. ఆ టక్ అయినాకనే ఈ ఏడుపు. నెల దినాలుగా వింటా ఉండా. నా చెవులు పోయినాయంట!”

ఆ సంగతి తేల్చుకోవడానికే మంగళవారం పగలు పుల్లయ్య ప్రహరీ చుట్టూ తిరిగి కారు దగ్గరికి వెళ్ళాడు. చేత్తో ముట్టుకుందామనుకున్నాడు గానీ, దగ్గరికి పోగానే కుళ్ళిన వాసన కొట్టింది. ముందుభాగంలో దిష్టి తాడు వేలాడుతోంది. నల్లబడి నీరు కారుతున్న నిమ్మకాయలు, బూజుపట్టిన మిరపకాయలు, వాటి చుట్టూ ఈగలు. ముక్కు మూసుకుని, రెండో చేతి వేలి కణుపుతో బానెట్టు మీద తట్టాడు, పలకను తట్టినట్టే. కుడి మూల గట్టిగా పలికింది. ఎడమ మూల గట్టిగా పలికింది. నడిమిట్లో, ముందు అంచు దగ్గర మాత్రం జలుబు గొంతు. వంగి చూస్తే బానెట్టు వేలు దూరేంత పైకి లేచి ఉంది.

తాడు కట్టింది బయట బంపరుకు కాదు. బంపరుకు కడితే రోడ్డు మీద పోయే మేకలు మిరపకాయలతో సహా నమిలేస్తున్నాయని, కోటిరత్నమ్మ బానెట్టు ఎత్తించి లోపల మూత పట్టే కొక్కేనికి కట్టించి, కొస మేకలకు అందనంత పైన వేలాడేట్టు చేయిస్తోంది. ప్రతి అమావాస్యకూ కొత్తది. పాత నిమ్మకాయలను కోసేస్తారు గానీ ముడి విప్పరు. ముడి మీద ముడి పడి, కొక్కెం దగ్గర నిమ్మకాయంత ఉండ అయింది. బానెట్టు మూసుకున్నట్టే ఉంటుంది, మూసుకోదు. ఎండకో, లారీకో ఆ బానెట్టు రేకు కాస్త కదిలితే చాలు, ఎవరో తెరుస్తున్నారనుకుని కారు అరుస్తుంది.

“మెకానిక్కు చూడలేదా?”

“మూడు తూర్లు వచ్చినాడు. బ్యాటరీ మార్చినాడు, వైర్లు మార్చినాడు. ఆ తాడును మాత్రం ముట్టుకోడు. ఒకరి దిష్టి తాడు మనం ముట్టుకుంటే మనకు తగులుకుంటాదని భయం. రెండు వేళ్ళతో పక్కకు జరిపి, వాని పని చేసుకోని, మళ్ళా ఆడనే పెట్టి పోతాడు. ఛీ, అది చూస్తే నాకు…” మాట పూర్తి చేయకుండా మళ్ళీ ఉమ్మాడు.

ఆ మంగళవారం బానెట్టు మీద చేయి ఉండగానే కారు అరిచింది. కోటిరత్నమ్మ వరండాలోకి వచ్చింది.

“ఏంది పుల్లయ్యా, మా బండి మీద చెయ్యేసినావు?”

“అమ్మా, ఈడ మూత…”

“మూతా లేదు, గీతా లేదు. గోడవతల కూర్చోని రోజూ మా కారును తిడతా ఉండావంట. ‘నీ ఏడుపు పాడుగాను, నువ్వు తగలబడ’ అని అన్న్యావా, లేదా?”

“అన్న్యాను. చెవులు చిల్లులు పడతా ఉంటే అననా?”

“అదీ సంగతి! నీ నోరు, నీ కన్ను రెండూ పడినాక, అది ఏడవక నవ్వుతాదా?”

పుల్లయ్య వచ్చిన దారినే షెడ్డుకు తిరిగొచ్చాడు. సాయంత్రానికల్లా ఆమె అమావాస్య దాకా ఆగకుండా ఇంకో తాడు కట్టించింది. అది పుల్లయ్య కోసం ప్రత్యేకం. ఆ తాడుకు ఒక పాత చెప్పు కూడా వేలాడదీశారు. బుధవారం కారు పదకొండుసార్లు మోగింది.

“నేను తిడితే ఆమె తాడు కడతాది. తాడు కడితే అది అరుస్తాది. అది అరిస్తే నేను తిడతా. చూసినావా ఎట్లుండాదో! నా కన్ను చెడ్డదని ఆడ ఆ చెప్పు ఏలాడతా ఉండాది. పొద్దున గేటులోకి వస్తానే నా మొగానికి ఎదురుగా అదే. అన్నం తినబుద్ధి కాలేదు రెండు దినాలు.”

“నిజం చెప్పేస్తే పోలేదా మామా?”

“ఎవురు? నేనా? దిష్టి ఎవురిదంటే నాదంట. నేను పోయి దిష్టి తాడు విప్పమంటే, విప్పుతాదా? ఇంకో రెండు కడతాది. రేపు వాళ్ళు గిద్దలూరు పోతా ఉంటే చక్రంలో గాలి పోయినా, ‘పుల్లయ్య విప్పించినాడు’ అంటాది. మల్లికార్జునరావుకు చెప్తే, ‘మా అమ్మ మాట’ అని తప్పుకుంటాడు. గురుస్వామికి చెప్తే నవ్వుతాడు, చెవులు పోయినోడు కారు రోగం కనిపెట్టినాడని.”

ఆయన ఒక పలకను ఒళ్ళోకి తీసుకుని తట్టాడు. ఖంగుమంది. నాకు అంతవరకే తెలిసింది. ఆయన కళ్ళు మూసుకుని, కింది అంచు దగ్గర మళ్ళీ తట్టి, దాన్ని ఎడమవైపుకు వేశాడు. నేను అనుమానంగా చూస్తుంటే, ఆ పలకనే మళ్ళీ అందుకుని అంచు దగ్గర రెండు బొటనవేళ్ళతో నొక్కాడు. అప్పడంలా రెండుగా విడిపోయింది.

“ఇదీ నా చెవి. సోమవారం నుంచి గేటు కాడ కూసోబెడతారంట దీన్ని.”

కోత మిషను మళ్ళీ మొదలైంది. ఆ హోరు ఆయనకు అడ్డం కాదట. ఏళ్ళ తరబడి ఒకే తీరుగా ఉండే చప్పుడు గనుక దాన్ని పక్కన పెట్టగలడట. ఎప్పుడు మోగుతుందో, ఎట్లా మోగుతుందో తెలియని దాన్ని మాత్రం పక్కన పెట్టలేకపోతున్నాడు.

నేను పుస్తకం మూసి లేవబోయాను. పుల్లయ్య నా చొక్కా అంచు పట్టుకున్నాడు.

“యాడికి? బస్సుకు ఇంకా సమయం ఉండాదిలే. పోయిన నెల కోటిరత్నమ్మ కాడ రెండు దినాలు కూసోని, ఆమె పెండ్లప్పటి ముచ్చట్లన్నీ విన్న్యావు గదా. మజ్జిగ ఇచ్చి మరీ చెప్పిందంట. నీ మాటంటే ఆమెకు గురి. ఇప్పుడు పో. ఈ పొద్దు శనివారం, రేపు అమావాస్య. ఇంకోటి కట్టినాదంటే సోమవారం నేను కుర్చీలో ఉంటా. నా పేరెత్తబాక. కారు సంగతి అసలే ఎత్తబాక. తాడు గురించి మాట్లాడు. ‘దిష్టి తాడనేది ముడితో సహా పదిమంది కంటికి ఎదురుగా ఉండాల గదమ్మా, ముడిని లోపల కొక్కేనికి దాపెడితే చూసేటోళ్ళ కన్ను దేని మీద పడుతుంది?’ అని అడుగు. నువ్వు నాలుగూళ్ళు తిరిగేటోడివి, ఆలోచిస్తాది. ముడులన్నీ ఆమె చేతనే కోయించు, నువ్వు కోయబాక. బయట పక్క అద్దానికి ఎత్తుగా, మేకలకు అందకుండా కట్టమను. ఆ చెప్పు కూడా కావాలంటే ఉంచుకోమను, నాకేం లేదు.”

నేను నాలుగడుగులు వేశానో లేదో, వెనకనుంచి మళ్ళీ పిలిచాడు.

“అల్లుడా! అంతా అయినాక బానెట్టు మెల్లంగా ఒత్తనియ్యబాక. ఎత్తి ఒక్క దెబ్బకు మూయించు. నేను ఈడనే కూసోని వింటా ఉంటా.”