పెనాంగ్‌లో మునెమ్మ

దయ్యాలు, గాలి సోకడాలు, కలలో కనిపించి చెప్పడాలు, ఇవేవీ నేను ఎప్పుడూ నమ్మలేదు. హోసూరు పక్కన మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీ కొనుగోలు విభాగంలో పద్నాలుగేళ్లు పనిచేశాను. ఫోన్‌లో ఎవరు ఏం చెప్పినా, అది కాగితం మీదికి వచ్చేదాకా జరిగినట్టు కాదని ఆ ఉద్యోగం నేర్పింది. ఈ సంగతికి సంబంధించిన కాగితాలు అన్నీ నా దగ్గర ఉన్నాయి. అయినా ఏం జరిగిందో చెప్పలేను. అందుకే ఇన్నాళ్లూ ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు.

రెండు వేల ఐదు ప్రాంతంలో మా చెల్లెలు హేమ, బెంగళూరులో తనతో పనిచేసే బెంగాలీ అబ్బాయిని పెళ్లి చేసుకుంటానంది. అబ్బాయి విషయంలో ఎవరికీ అభ్యంతరం లేదు. గొడవంతా పెళ్లి ఎక్కడ చేయాలన్న దాని మీదే. మాది తమిళనాడులో సూళగిరి దగ్గర తెలుగు పల్లె, తరాలుగా సేద్యమే. కృష్ణగిరి కల్యాణమండపంలో కాకుండా ఇంకెక్కడ చేసినా చుట్టాలకు ముఖం చూపించలేనన్నాడు మా నాయన. కలకత్తాలో తప్ప కుదరదన్నారు అబ్బాయి వాళ్లు.

నాలుగు నెలలు ఇదే నడిచింది. చివరికి హేమ విసిగిపోయి ఎవరి ఊరూ వద్దని తేల్చేసింది. అబ్బాయి మేనత్త మలేషియాలోని పెనాంగ్‌లో ఉంటుంది. ఆమెకు తెలిసిన చిన్న హోటల్ ఒకటి సముద్రం ఒడ్డున ఉంది. రెండు వైపులా కలిపి నలభై మంది చాలు అనుకున్నారు. కలకత్తా కాదు కదా అన్న తృప్తితో నాయన ఒప్పుకున్నాడు. ఫోన్లు, ఉత్తరాలు నాకు అలవాటు కాబట్టి ఏర్పాట్లన్నీ నా మీద పడ్డాయి.

అమ్మ మాత్రం ఒప్పుకోలేదు.

మా ఇళ్లలో పెళ్లికి ముందు మా చేలోని పుట్ట దగ్గరికి వెళ్లి మట్టి తెస్తారు. దాన్ని ఐదు మట్టి మూకుళ్లలో నింపి గింజలు చల్లుతారు. మొలకెత్తిన ఆ మూకుళ్ల ముందు పెళ్లికూతుర్ని కూర్చోబెడతారు. అందరూ నవధాన్యాలు కలిపి చల్లుతారు. మా వంశం వాళ్లు, అంటే నాలుగైదు ఊళ్ల వాళ్లం మాత్రమే, ముందు రాగులు చల్లి, రెండు రోజులు ఆగి మిగతావి చల్లుతాం. ఎందుకో ఎవరికీ తెలియదు. విమానంలో మట్టి తీసుకుపోనిస్తారా అని అమ్మ అడిగింది. కనుక్కుని, కుదరదని చెప్పాను.

"మన్ను లేని పెండ్లికి నేను రాను," అంది. పాస్‌పోర్టుకు ఫోటో కూడా దిగనంది.

ఇక ఫోన్ సంగతి. అబ్బాయి మేనత్త చెప్పిన హోటల్ నంబరు నా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఆఫీసు ఫోన్ వాడకూడదు కాబట్టి, ఒక బుధవారం మధ్యాహ్నం భోజనం వేళ ఫ్యాక్టరీ గేటు ఎదురుగా ఉన్న ఐఎస్‌డీ బూత్‌కి వెళ్లాను. ఆడగొంతు పలికింది. నేను ఇంగ్లీషులో, హోసూరు నుంచి మాట్లాడుతున్నానని మొదలుపెట్టాను.

"హోసూరా? అయితే తెలుగులోనే చెప్పమ్మా," అంది ఆమె.

అది ఆంధ్ర తెలుగు కాదు, టీవీ తెలుగు కాదు. అచ్చం మా పల్లె మాట. నేనేమీ ఆశ్చర్యపోలేదు. పూర్వం మనవాళ్లు చాలామంది రబ్బరు తోటల్లో పనికి ఆ దేశం వెళ్లారని విని ఉన్నాను. పేరు అడిగితే మునెమ్మ అంది. అక్కడ ఏం పని అంటే, "పెండ్లి పనులు చూసుకుంటాను," అంది. నోటుపుస్తకంలో అలాగే రాసుకున్నాను.

ఆ తరువాత గదులు, భోజనాలు, పూలు వంటివన్నీ హోటల్ మేనేజరుతో ఈమెయిల్‌లో తేల్చుకునేదాన్ని. మామిడాకులు, రోకలి, పసుపుకొమ్ములు వంటి మనవైపు సంగతులు మాత్రం బుధవారం బుధవారం మునెమ్మతో మాట్లాడేదాన్ని. అలా ఏడు బుధవారాలు. ఒక్కసారి కూడా వేరే ఎవరూ ఫోన్ ఎత్తలేదు. ఆమె వెనకాల గిన్నెల చప్పుడు గానీ, ఇంకో మనిషి మాట గానీ వినపడలేదు. లైను బాగుందని సంతోషించానే తప్ప వేరే ఆలోచన రాలేదు.

మూడో వారం, అమ్మ రానంటోందని చెప్పాను. మట్టి తేవడానికి లేదన్నాను.

"మన్ను సంగతి నాకు వదిలిపెట్టు. మీరు ముందు రాగులే కదా చల్లేది?" అంది.

అవునన్నాను. ఫోన్ పెట్టేసి ఆఫీసుకు వెళ్లిపోయాను. సాయంత్రం ఏదో ఆర్డరు టైపు చేస్తుంటే చెయ్యి ఆగిపోయింది. రాగుల మాట నేను ఎప్పుడు చెప్పాను? నోటుపుస్తకం తీసి చూశాను. అందులో లేదు. తరువాతి వారం అడిగితే మునెమ్మ నవ్వింది. "నువ్వు చెప్పకుంటే నాకెట్ల తెలుస్తుందమ్మా," అంది. నిజమే, నేనే ఏదో ధ్యాసలో చెప్పి ఉంటాననుకున్నాను.

ఆ రోజే ఆమె, మీ అమ్మను ఒకసారి మాట్లాడించమంది.

కంటి డాక్టరు దగ్గరికని చెప్పి అమ్మను తరువాతి బుధవారం హోసూరుకు రప్పించాను. ముందు నేను పలకరించి, రిసీవరు అమ్మ చేతికి ఇచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను. అమ్మ ఎక్కువగా విన్నది. నాకు వినపడినట్టు అన్నది ఒక్కటే.

"సముద్రం దాటి పోతే, ఏమన్నా అయితే నడిచి రాలేను కదమ్మా."

తరువాత చాలాసేపు వింటూ ఉండిపోయింది. బయటికి వచ్చి కొంగుతో ముఖం తుడుచుకుని, "ఫోటో యాడ తీస్తారు?" అని అడిగింది.

స్టూడియోకి నడుస్తూ, ఏం చెప్పిందని అడిగాను.

"నీకు దేనికి భయమని అడిగిందే. మీరెవురూ అడగలేదు." కొంచెం దూరం నడిచాక మళ్లీ అంది. "'నేనూ భయపడతానే వచ్చినాను, ఈడ మన్ను కూడా మన్నే' అనింది."

అమ్మ పాస్‌పోర్టు తత్కాల్‌లో తెప్పించాను. మేం పెళ్లికి రెండు రోజుల ముందు పెనాంగ్ చేరాం. నేను సామాను కూడా దించకుండా మునెమ్మ ఎక్కడని అడిగాను. మేనేజరు చైనా మనిషి, చాలా మర్యాదస్థుడు. ఆ పేరు రెండుసార్లు నాతో పలికించుకుని, అలాంటి వాళ్లెవరూ తన దగ్గర లేరన్నాడు. వంటింట్లో ఒక తమిళావిడ ఉందని పిలిపించాడు. నేను తమిళంలోనే అడిగాను. తొమ్మిదేళ్లుగా అక్కడే పనిచేస్తున్నానని, మునెమ్మ అనే మనిషిని చూడలేదని ఆమె చెప్పింది.

ఇంతలో అమ్మ వెనక వరండాలోంచి నన్ను పిలిచింది.

అక్కడ గోడ వారగా ఒక వెదురు బుట్ట బోర్లించి ఉంది. అమ్మ దాన్ని ఎత్తి పట్టుకుని నిలబడి ఉంది. కింద ఐదు మట్టి మూకుళ్లు. వాటిలో రాగి మొలకలు సన్నగా పైకి లేచి ఉన్నాయి. వాటి మధ్య మిగతా గింజలు అప్పుడే పగులుతున్నాయి. అంటే రాగులు ముందు చల్లారు. మట్టి ఎర్రది, మా చేలోది లాగే. ఆ హోటల్ ఆవరణంతా తిరిగి చూశాను, ఎక్కడా ఎర్రమట్టి లేదు. అంతా ఇసుకే.

ఎవరు పెట్టారని అందరినీ అడిగాను. వంటింటి వాళ్లు పెట్టారనుకున్నానన్నాడు తోటమాలి. అబ్బాయి మేనత్త తెచ్చిందనుకున్నామన్నారు వంటింటి వాళ్లు. మీరే ముందుగా ఎవరితోనో పంపించారనుకున్నానంది మేనత్త. నీళ్లు ఎవరు పోశారంటే ఎవరూ పోయలేదు.

గదికి వెళ్లి కాగితాలన్నీ మంచం మీద పరిచాను. బూత్‌లో ఇచ్చిన ఏడు స్లిప్పులు పడేయకుండా దాచాను. వాటి మీద నంబరు, మాట్లాడిన నిమిషాలు అచ్చయి ఉన్నాయి. అమ్మ మాట్లాడిన రోజుది అన్నిటికంటే ఎక్కువ, పదకొండు నిమిషాలు. ఆ నంబరును హోటల్ కాగితం మీది నంబరుతో పోల్చాను. చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి. రాసుకునేటప్పుడే తప్పు రాసుకున్నాను. ఏడు వారాలు నేను ఈ హోటల్‌కు ఫోన్ చేయనేలేదు.

కింద రిసెప్షన్ నుంచి ఆ తప్పు నంబరుకు చేశాను. మలయ్ భాషలో రికార్డు గొంతు వచ్చింది. మేనేజరు విని, ఈ నంబరు వాడుకలో లేదని చెబుతోందన్నాడు.

అమ్మకు అంతా చెప్పాను. ఆమె నాకంటే నిమ్మళంగా ఉంది. "ఎవురైతే ఏమి? చెప్పిన పని చేసింది కదా," అంది. తరువాత మూకుళ్లకు పసుపు కుంకుమ పెట్టడానికి కూర్చుంది. అబ్బాయి తల్లి వచ్చి ఇవేమిటని బెంగాలీలో అడిగింది. అమ్మ తెలుగులో చెప్పింది. ఇద్దరికీ ఏం అర్థమైందో గానీ, ఒక్కొక్కటిగా ఐదూ పందిట్లోకి వాళ్లిద్దరే మోసుకుపోయారు. నాలుగు నెలలు ఫోన్లో కొట్లాడుకున్న రెండు కుటుంబాల మధ్య నేను చూసిన మొదటి మంచి సంగతి అది.

పెళ్లయిన సాయంత్రం అమ్మ ఒక కొత్త చీర, తాంబూలం తీసుకువెళ్లి ఆ వరండాలో పెట్టింది. పొద్దున చూస్తే లేవు. ఎవరైనా తీసుకుని ఉండవచ్చు. దాన్ని నేను సాక్ష్యంగా లెక్కపెట్టను.

తిరిగి వచ్చాక కూడా నేను ఊరుకోలేదు. అబ్బాయి మేనత్తకు రాసి, అక్కడి టెలిఫోన్ ఆఫీసులో విచారించమన్నాను. ఆ నంబరు ఇంతవరకు ఎవరికీ ఇవ్వలేదని చెప్పారట. ఆమె అక్కడి పెద్దవాళ్లయిన తెలుగువాళ్లను కూడా అడిగింది. ప్రతి తోటలోనూ ఇద్దరు ముగ్గురు మునెమ్మలు ఉండేవాళ్లని నవ్వారట. మా వంశంలో ఎవరైనా పూర్వం మలేషియాకు పోయారా అని నాయనను అడిగాను. మా జిల్లాలోనే అంచెట్టి వైపు వాళ్లు కొందరు పోయారని విన్నానన్నాడు, మా వంశం నుంచి మాత్రం ఎవరూ పోలేదన్నాడు. లైను కలిసిపోయి ఎవరో ఆటపట్టించారనుకుందామా? అయితే మూకుళ్లు ఎవరు పెట్టారు? ముందు రాగులు చల్లాలని తెలిసిన వాళ్లలో ఆ దేశంలో ఉన్నవాళ్లు ఎవరూ లేరు.

ఒక నెల తరువాత అమ్మ తనంతట తానే బస్సెక్కి హోసూరు వచ్చింది. ఆ రోజు బుధవారం. ఒకసారి ఫోన్ కలపమంది.

అది పలకదని చెప్పాను. అయినా కలపమంది. మధ్యాహ్నం అదే బూత్‌కి వెళ్లి, పాత స్లిప్పు చూసి అదే నంబరు నొక్కాను. మళ్లీ అదే రికార్డు. విని చూడమన్నట్టు రిసీవరు అమ్మ చెవికి ఆనించాను. మీటరు డబ్బా మీద ఎర్రటి సున్నాలు అలాగే ఉన్నాయి. పలకని నంబరుకు మీటరు తిరగదు.

అమ్మ కొద్దిసేపు విని, నెమ్మదిగా మాట్లాడింది.

"అంతా బాగా జరిగిందమ్మా. మొలకలు బాగా వచ్చినాయి. పిల్ల సుఖంగా ఉంది."

నేను అమ్మ ముఖం చూస్తున్నాను. ఎందుకో మీటరు వైపు చూశాను. అంకెలు తిరుగుతున్నాయి.

చెయ్యి చాచి రిసీవరు లాక్కుందామనిపించింది. కానీ అమ్మ కళ్లు మూసుకుని ఉంది. ఒకటిన్నర నిమిషం దాటాక తానే ఫోన్ పెట్టేసింది. ఎనిమిదో స్లిప్పు బయటికి వచ్చింది. ఏం చెప్పింది అని అడిగాను.

"ఏమీ చెప్పలేదు," అంది అమ్మ. "విన్నింది."

ఆ స్లిప్పు కూడా నా దగ్గరే ఉంది. అచ్చు వెలిసిపోతోంది గానీ నిమిషాల అంకె ఇంకా కనిపిస్తోంది. దీనికి ఏ కారణం రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు.